మాంటెలుకాస్ట్ గోలీ గారికి హనుమకొండ నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ మాంటెలుకాస్ట్ సోడియం, 10 మిల్లీగ్రాముల గోలీ గారి సముఖానికి,

ఉబ్బసం ఉన్న మా ఇళ్లలో తమరికి దక్కిన మర్యాద ఇంకే మందుకూ దక్కలేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. ఇన్‌హేలర్‌ను మావాళ్లు బీరువాలో చీరల మడతల వెనుక దాస్తారు. తమరిని మాత్రం ఫ్రిజ్ మీద, వచ్చేపోయేవాళ్లకు కనబడేలా కూర్చోబెడతారు. పిల్లను చూడడానికి నర్సంపేట నుంచో పరకాల నుంచో పెళ్లివారు వస్తున్నారంటే ఆ పూటకు ఇన్‌హేలర్ ఇంట్లో లేనట్టే లెక్క. "ఆ గోలీలు ఎందుకమ్మా?" అని పిల్లవాడి తల్లి అడిగితే, "ఏం లేదు వదినా, జర సర్దికి" అని జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ అబద్ధాన్ని తమరు ఏనాడూ ఖండించిన దాఖలా లేదు. మింగేదే మందు, పీల్చేది మాత్రం రోగం ముదిరిందనడానికి సాక్ష్యం అనే ఈ నమ్మకం తమరు పుట్టించినది కాదని ఒప్పుకుంటాను. ఉబ్బసం పోతుందని మృగశిర కార్తె నాడు హైదరాబాదు నాంపల్లి మైదానంలో బతికున్న కొర్రమీను పిల్లను మింగడానికి రైలెక్కి వెళ్లే జనం మేము. కానీ ఆ నమ్మకం మీద వచ్చే వడ్డీ అంతా తమరే తింటున్నారు.

తమరి పనితనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. శ్వాసనాళాల చుట్టూ ఉండే కండరాన్ని బిగించి, లోపలి పొరను వాపెక్కించి, కఫాన్ని ఊరించే ల్యూకోట్రయీన్లనే ఒంటి రసాయనాలకు స్వీడన్ శాస్త్రవేత్త బెంగ్ట్ శామ్యుయెల్సన్ 1979లో పేరు పెట్టారు. 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో ఆయన ఒకరు. ఆ పదార్థాలు వచ్చి కూర్చోవలసిన చోటును తమరు, హనుమకొండ బస్టాండులో కిటికీలోంచి దస్తీ వేసి సీటు పట్టుకునే ప్రయాణికుడిలా, ముందే ఆక్రమించుకుంటారు. రోజుకు ఒక్కసారి, సాయంత్రం పూట వేసుకుంటే చాలు. 1998లో అమెరికాలో అనుమతి పొందిన నాటి నుంచి ఎందరికో మేలు చేశారు. అయితే, నిత్యం వాపును అణచి ఉంచే పనిలో ఇన్‌హేలర్‌తో పీల్చే స్టెరాయిడ్ తమరికంటే మెరుగైనదని వైద్యులు చెబుతూనే ఉన్నారు. తమరిని వారు సాధారణంగా దానికి తోడుగానో, అది కుదరని చోట బదులుగానో రాస్తారు. మా ఇళ్లలో మాత్రం తోడుగా వచ్చినవారే ఇంటి పెత్తనం చేస్తున్నారు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజను నడుస్తున్నప్పుడు బస్తాలు మోసే హమాలీకి ఆ ఘాటుకు ఛాతీ పట్టేసి, పిల్లికూతలు మొదలైతే, పక్కవాడు పరుగెత్తి తమరినే తెచ్చి చేతిలో పెడతాడు. రక్తంలో తమరు గరిష్ఠ స్థాయికి చేరడానికే మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆలోగా అదే మిర్చి లారీ హైదరాబాదు చేరుకుంటుంది. తమరు ఆ స్థాయికి చేరినా, బిగిసిన నాళాన్ని అప్పటికప్పుడు విప్పడం తమరి పని కాదు. ఆ సమయంలో కావలసింది డాక్టరు రాసిన ఉపశమన ఇన్‌హేలర్, దానికీ లొంగకపోతే ఆసుపత్రి. ఈ మాట చెప్పవలసిన చోట తమరు మౌనం వహించడం నాకు మర్యాదగా కనిపించడం లేదు.

అంతకంటే పెద్ద మౌనం ఇంకొకటి ఉంది. 2020 మార్చిలో, లోకమంతా మరో భయం వైపు తల తిప్పుతున్న రోజుల్లో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తమరి మీద అత్యంత తీవ్రమైన హెచ్చరికను, అంటే గడి గీసి అచ్చువేసే హెచ్చరికను, విధించింది. నిద్ర చెడడం, పీడకలలు, చిరాకు, కుంగుబాటు, కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు కూడా కలగవచ్చని అందులో ఉంది. కేవలం ముక్కు కారే అలర్జీకైతే ఇతర మందులు పనిచేయనప్పుడే తమరిని వాడమని కూడా చెప్పింది. చాలామంది ఏ ఇబ్బందీ లేకుండానే తమరిని వేసుకుంటున్నారు, అది నిజమే. కానీ మా దగ్గర పిల్లవాడు అర్ధరాత్రి కలవరించి లేచి ఏడిస్తే దిష్టి తీసే ఇళ్లు ఉన్నాయి తప్ప, గోలీని అనుమానించి డాక్టరుకు చెప్పే ఇల్లు నాకింకా కనబడలేదు. పైగా ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు 5 మిల్లీగ్రాముల చప్పరించే గోలీ వేరే ఉండగా, పెద్దల గోలీని చాకుతో రెండు ముక్కలు చేసి లెక్క సరిపోయిందనుకునేవాళ్లూ ఉన్నారు. ఇక లీవోసిట్రిజిన్ అనే అలర్జీ మందుతో జట్టుకట్టి తమరు ప్రతి తుమ్ముకూ హాజరవుతున్న సంగతి జగమెరిగినదే.

తమరు డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందు. ఆ చీటీకి లామినేషన్ చేయించి, ఏళ్ల తరబడి అదే చూపిస్తున్న ఇంటిని నేనెరుగుదును. మెడికల్ షాపాయన చీటీ అడగడం మానేసి కూడా చాలాకాలమైంది. ఆయన కత్తెరతో నాలుగు గోలీలు కోసి ఇస్తే, తమరి పేరు ఒక గిరాకీకి, గడువు తేదీ ఇంకొక గిరాకీకి వెళ్తాయి. లోపలి కాగితం ఎవరికీ వెళ్లదు. వెలుతురూ తేమా పడని తమరిని రేకులోంచి ఊడదీసి స్టీలు డబ్బాలో పోసుకునేవారి గురించి వేరే ఉత్తరం రాయవలసి ఉంటుంది.

కాబట్టి నా కోరిక చిన్నది. ఈ లేఖ చదివి ఎవరూ తమరిని ఈ రాత్రికి రాత్రే మానేయకూడదు; అది కూడా డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవలసిన విషయమే. తమరు మాత్రం, ఆయాసం వచ్చినప్పుడు నేను పనికిరాననీ, నిద్రలోనూ మనసులోనూ తేడా కనబడితే వెంటనే చెప్పాలనీ, ఇన్‌హేలర్‌ను నా పేరు చెప్పి మూలకు నెట్టవద్దనీ మూడు ముక్కలు తెలుగులో ప్రకటించగలరు. రేకు మీదే అచ్చు వేయించేటట్టయితే, దయచేసి కత్తెర పడని చోట వేయించండి.

ఇట్లు,
తమరినీ ఇన్‌హేలర్‌నూ ఒకే అరలో పెట్టుకున్న
ఒక ఉబ్బస రోగి