‘ఒకటి రెండు చోట్ల’ అంటే?

భారీ వర్షాలన్నారు, చినుకు పడలేదు. కళ్లంలో మిర్చికి పట్టాలు కప్పి రాత్రంతా కాపలా ఉన్న రైతు పొద్దున్నే వాతావరణ శాఖను తిట్టుకుంటాడు. చాలాసార్లు ఆ అంచనా తప్పు కాదు. బులెటిన్‌లో ‘ఒకటి రెండు చోట్ల’ అని ఉంటుంది. అంటే ఆ ప్రాంతంలో వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు చోట్లకు మించి పడదని శాఖ లెక్క. ‘భారీ’ కూడా ఊరికే అన్న మాట కాదు, 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వాన. 204.4 దాటితే ‘అత్యంత భారీ’. వాళ్లు కొలతలు చెబుతుంటే జనం మామూలు తెలుగు వింటున్నారు.

మిల్లీమీటరు ఎవరికి అర్థమవుతుంది? పల్లెలో వానను పదునుతో, అంటే నేల ఎంత లోతు తడిసిందో చూసి కొలుస్తారు. వంద మిల్లీమీటర్లంటే ఎకరం చేలో నాలుగు లక్షల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనభై! ఈ లెక్కకు శాస్త్రవేత్త అక్కర్లేదు, మేం కాగితం మీద వేసిందే. అదే నీరు రోజంతా ముసురుగా పడితే చేను తాగేస్తుంది. రెండు గంటల్లో పడితే డ్రైనేజీ పొంగి ఇళ్లలోకి వస్తుంది. జనానికి కావాల్సింది ఈ తేడా.

ఉరుముల మేఘం వెడల్పు కొన్ని కిలోమీటర్లే. అది ఏ ఊరి మీద కురుస్తుందో ముందురోజే చెప్పడం కష్టం. ఆ మాట దాచుకోనక్కర్లేదు. గట్టుకు ఈ పక్క వాన, ఆ పక్క ఎండ చూసిన రైతు దాన్ని ఇట్టే ఒప్పుకుంటాడు. చెప్పకపోతేనే ‘వీళ్లకేం తెలుసు’ అంటాడు, అసలు ముప్పు వచ్చిన రోజు కూడా పట్టించుకోడు.

తుపాన్ల విషయంలో పరిస్థితి మెరుగు. 1977 నవంబరులో దివిసీమ జనానికి ఉప్పెన ఇంట్లోకి వచ్చేదాకా తెలియలేదు. 2014లో హుద్‌హుద్ ఎక్కడ తీరం దాటుతుందో ముందే చెప్పారు, లక్ష మందికి పైగా ఖాళీ చేయించారు. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేయాలి అన్న మూడూ చెప్పారు కాబట్టి జనం కదిలారు. రోజువారీ వానకు అలా చెప్పేవాళ్లు లేరు.

తప్పంతా శాఖదే అనలేం. ఓడల కోసం రేవుల్లో ఎగరేసే ‘మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ను ఊరందరికీ టెన్షన్‌గా మార్చేది టీవీ స్క్రోలింగులే. పత్రికలేం తక్కువ తినలేదు. ‘రెడ్ అలర్ట్’ అని పెద్దక్షరాల్లో వేసి, అది ఏ జిల్లాకో నాలుగో పేరాలో చెప్పిన రోజులు మాకూ ఉన్నాయి.