ఇన్‌ఛార్జి క్వార్టర్‌బ్యాక్ కావలెను

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఆలస్యమైతే నూట ముప్పై కిలోల మనుషులు మీద పడతారు. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లే అయినా, ఈ పని నిజంగా చేతనైనవాళ్ళు అంతమంది కూడా దొరకరు. అందుకే రెగ్యులర్ అధికారి వచ్చేదాకా ఫైళ్ళ మీద సంతకాలు పెట్టే ఇన్‌ఛార్జి లాంటి సీనియర్ కోసం ఏటా కొన్ని జట్లు వెతుకుతాయి. ఇంత గంభీరమైన విషయాన్ని జనం తేలిగ్గా తీసుకోవడం విచారకరం.

వయసు పట్టింపు ఎలాగూ లేదు. 2025 డిసెంబరులో తమ క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్ గాయపడగానే ఇండియానాపోలిస్ కోల్ట్స్ ఫిలిప్ రివర్స్‌కు కబురు పెట్టింది. అప్పటికి ఆయనకు 44 ఏళ్ళు. ఆట మానేసి ఐదేళ్ళు కావస్తోంది. అలబామాలో స్కూలు పిల్లలకు కోచింగ్ ఇచ్చుకుంటున్నాడు, తాత కూడా అయ్యాడు. సియాటిల్‌లో 18-16తో ఓడారు, నిజమే. కానీ మేనేజ్‌మెంట్‌ను తిట్టాల్సిన నోళ్ళు తాతగారిని మెచ్చుకున్నాయి. ఇన్‌ఛార్జి చేయాల్సిన సేవ ఇదే.

ధర కూడా చూసుకోవాలి. 2024లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ సీనియర్ క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ను 12 లక్షల డాలర్లకు తెచ్చుకుంది. అతనికి ఆ ఏడాది రావాల్సిన 3.9 కోట్లలో మిగతాదంతా, వద్దని పంపేసిన డెన్వర్ వాళ్ళే కట్టారు. సొమ్మొకడిది, సోకొకడిది!

అసలు ప్రమాదం ఎక్కడుందో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ను అడగాలి. వాళ్ళు 2022లో క్వార్టర్‌బ్యాక్ డిషాన్ వాట్సన్‌కు 23 కోట్ల డాలర్లు, ఆడినా ఆడకపోయినా ఇచ్చేలా రాసిచ్చారు. మరుసటి ఏడాది నవంబరులో అతని భుజం విరిగింది. ఇంట్లో ఖాళీగా ఉన్న 38 ఏళ్ళ జో ఫ్లాకోను పిలిచారు. మర్యాదగా నాలుగు ఓడి, ఒకటి గెలిచి వెళ్ళిపోవాల్సిన మనిషి! ఏం చేశాడంటే, మొదటి మ్యాచ్ ఓడి తర్వాత వరుసగా నాలుగు గెలిచాడు. జట్టును ప్లేఆఫ్స్‌కు, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీలకు చేర్చాడు. అక్కడ వెంటవెంటనే రెండు బంతులు ప్రత్యర్థుల చేతిలో పెట్టి, రెండూ వాళ్ళకు టచ్‌డౌన్లై (ఒక్కోటి ఆరు పాయింట్లు), హ్యూస్టన్‌లో 45-14తో ఓడి కొంత మర్యాద నిలబెట్టాడు. అయినా కమ్‌బ్యాక్ ప్లేయర్ అవార్డు తెచ్చుకున్నాడు. 23 కోట్ల మనిషిని పక్కన పెట్టుకున్న ఆఫీసుకు ఇంతకంటే అవమానం ఉంటుందా? సహజంగానే ఆయన్ను మళ్ళీ తీసుకోలేదు. 2024లో 3 గెలిచి 14 ఓడి ప్రశాంతంగా ఊపిరి పీల్చుకున్నారు.

అయితే 2025లో మళ్ళీ ఫ్లాకోనే తెచ్చుకున్నారు. నాలుగు మ్యాచ్‌ల్లో మూడు ఓడాడు. దారిలో పడ్డాడని సంతోషించకుండా, అక్టోబరులో తమ డివిజన్‌లోనే, అంటే లీగ్‌లో తమ గ్రూపులోనే ఉన్న సిన్సినాటి జట్టుకు పంపేశారు. పది రోజులు తిరక్కుండానే, 40 ఏళ్ళ ఈయన 41 ఏళ్ళ ఆరన్ రాడ్జర్స్ ఉన్న పిట్స్‌బర్గ్‌ను 33-31తో ఓడించాడు. ఇద్దరు ఇన్‌ఛార్జిల పోటీ ఎంత రంజుగా ఉందో, రెగ్యులర్ ఉద్యోగులకు సిగ్గుచేటు.

ఈ లీగ్‌లో అడుగున ఉన్న జట్టుకే డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్ళను జట్లు పంచుకునే ఏటి కార్యక్రమంలో, కుర్రాణ్ణి ఎంచుకునే మొదటి హక్కు. బాగా ఓడితే భవిష్యత్తు, బాగా గెలిస్తే ప్లేఆఫ్స్. ఆరేడు గెలిస్తే రెండూ పోతాయి. సగటు ఇన్‌ఛార్జి గెలిచేది సరిగ్గా ఆరేడు. కాబట్టి ఒప్పందంలోనే రాసుకోవడం మేలు: నాలుగో గెలుపు తర్వాత ప్రతి గెలుపుకూ జీతంలో కోత. అభిమానులు చొక్కా మీద పేరు వేయించుకునేంతగా ఆడితే షోకాజ్ నోటీసు. గతంలో ఛాంపియన్‌షిప్ గెలిచి ఉంటే ప్లస్సే, టికెట్ల అమ్మకానికి ఆ ఫొటో పనికొస్తుంది. ఇప్పుడు గెలవాలన్న కోరిక మాత్రం ఉండరాదు.

మనవల బాధ్యత లేనివారికి ప్రాధాన్యం. దరఖాస్తు పెట్టుకోనివారు నవంబరులో ఫోన్ దగ్గర పెట్టుకోగలరు.