సవరణ: రెండో ఎఫెక్టు మొదటిదాన్ని చెరిపేయకుండా

పవర్‌పాయింట్‌లో ఒకే బొమ్మకు రెండు యానిమేషన్ ఎఫెక్టులు (కదలికలు) పెట్టడం గురించి ఇంతకుముందు రాసినదాంట్లో, రెండోదాన్ని కూడా యానిమేషన్స్ ట్యాబ్‌లోని గ్యాలరీ నుంచే ఎంచుకోమన్నాం. అది తప్పు. గ్యాలరీలో క్లిక్ చేస్తే కొత్త ఎఫెక్టు చేరదు, పాతదాని స్థానంలోకి వస్తుంది. ఫ్లై ఇన్ (బయటి నుంచి ఎగిరి రావడం) పెట్టిన బొమ్మకు అలా స్పిన్ (గిరగిరా తిరగడం) ఇస్తే ఫ్లై ఇన్ పోతుంది, అదీ చడీచప్పుడు లేకుండా. రెండోదాన్ని యాడ్ యానిమేషన్ బటన్ నుంచే ఇవ్వాలి. యానిమేషన్ పేన్ (పెట్టిన ఎఫెక్టుల జాబితా) తెరిస్తే ఆ బొమ్మకు రెండు వరుసలు కనిపించాలి. ఒక్కటే ఉంటే కంట్రోల్ జెడ్ కొట్టి మళ్లీ చేయండి.

రెండు మోషన్ పాత్‌లు (బొమ్మ కదిలే దారులు) వరుసగా పెట్టినవాళ్లకు ఇంకో చిక్కు. రెండో పాత్ మొదలవగానే బొమ్మ ఎగిరి పాత చోటికి వచ్చేస్తుంది. కారణం, పవర్‌పాయింట్ ప్రతి కొత్త పాత్‌నూ బొమ్మ అసలు ఉన్న చోటి నుంచే గీస్తుంది. రెండో పాత్ గీతను పట్టుకుని లాగి, దాని మొదట్లో ఉండే ఆకుపచ్చ గుర్తును మొదటి పాత్ చివర ఉండే ఎర్ర గుర్తు మీద పెట్టండి. జూమ్ పెంచుకుని చేస్తే రెండు గుర్తులూ సరిగ్గా కలపడం తేలిక, కలవకపోతే చిన్న కుదుపు మిగులుతుంది. మధ్యలో ఆగే పని లేకపోతే ఇదంతా ఎందుకు, ఒకే కస్టమ్ పాత్ (మనమే గీసుకునే దారి) గీసి చివర డబుల్ క్లిక్ చేస్తే సరి.