ప్లస్సో మైనస్సో మూడు శాతం

ఒడిశాలోని మా బరంపురం వైపు ఏ సర్వే నివేదిక వచ్చినా, అడుగున కళ్లద్దాలకు కూడా అందని అక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది: ‘నమూనా 1000 మంది, తేడా ప్లస్ లేదా మైనస్ 3 శాతం.’

ఆ మూడు శాతమంటే నాకు అపారమైన గౌరవం. వెయ్యిమందిని లాటరీ పద్ధతిలో ఎంచితే అదృష్టం అటూ ఇటూ ఎంత ఊగుతుందో చెప్పే లెక్క అది. నూటికి 95 సార్లు నిలుస్తుంది. అయితే అడిగిన తీరులో, అడిగినవాడిలో, చెప్పినవాడిలో, అసలు దొరకనివాడిలో ఉన్న తప్పులకు ఆ మూడులో చోటు లేదు. అవన్నీ ఉచితం.

సర్వే బాబు ట్యాబుతో అరుగు మీద కూర్చుంటాడు. ఒడియాలో ఉన్న ప్రశ్నను వచ్చీరాని తెలుగులో వదులుతాడు. ‘రోడ్డు, నీళ్లు బాగున్నాయి కదా?’

‘రోడ్డు బాగుంది బాబూ, నీళ్లే...’

‘అవునా, కాదా మామ్మా?’ ట్యాబులో రెండే గడులు. వెనకాల సర్పంచి గారి బావమరిది గొంతు సవరించుకుంటాడు. మామ్మకు ఉన్నట్టుండి తన పింఛను గుర్తొస్తుంది. ‘అన్నీ బాగున్నాయి బాబూ.’

‘మరుగుదొడ్డి వాడుతున్నారా?’

‘అయ్యో, వాడకపోతే ఎలా?’ అందులో పేర్చిన కట్టెలు అరుగు మీదికే కనిపిస్తుంటాయి.

‘పోయిన ఏడాది బియ్యానికి ఎంత ఖర్చయింది?’ మామ్మ దూలం వైపు చూస్తుంది, బాబు గడియారం వైపు చూస్తాడు, బావమరిది ఒక అంకె చెబుతాడు. అది రూపాయి తేడా లేకుండా ఎక్కుతుంది. మాతృభాషల జాబితాలో తెలుగు దొరక్క బాబు ‘ఇతరములు’ నొక్కుతాడు. 1936 ఏప్రిల్ 1న మా గంజాం జిల్లాను మద్రాసు నుంచి విడదీసి ఒడిశాలో కలిపినప్పటి నుంచీ ఇతరులమే కనుక ఎవరికీ అభ్యంతరం ఉండదు.

అన్నట్టు ఆ ఏడాదే అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి ఓటు కాగితాలు పంపి, తిరిగొచ్చిన 23 లక్షల పైచిలుకు లెక్కపెట్టి, అధ్యక్ష ఎన్నికలో రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ అనే ఆయన గెలుస్తాడని చాటింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌వి. పేర్లు ఏరుకున్నదేమో ఎక్కువగా టెలిఫోను పుస్తకాల్లోంచి, కార్ల జాబితాల్లోంచి, అంటే కలిగినవాళ్లలోంచి. నమూనా పెద్దదైతే తప్పు కూడా దర్జాగా ఉంటుంది.

మన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్ జనపనార సర్వేల్లో ఒకే ప్రాంతానికి రెండు వేర్వేరు నమూనాలు తీసి, రెండు జట్లను పంపి, లెక్కలు పోల్చి చూసేవారు. ఎవరు చెట్టు కింద కూర్చుని రాశారో బయటపడేది. ఇప్పుడు రెండో జట్టంటే పెట్రోలు దండగ.

తాళం వేసిన ఇంటి దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. గంజాం మగవాళ్లు సూరత్ మరమగ్గాల దగ్గర ఉన్నారని ఇక్కడ చంటిపిల్లలకూ తెలుసు. అలాంటి ఇంటికి ఇంకోవేళ మళ్లీ రావాలి, ఎన్ని ఇళ్లు దొరకలేదో రాయాలి. బాబు పక్కింటికి వెళ్తాడు. పక్కింటాయనకు ఊళ్లో పొలం ఉంది, పని ఉంది, కనుకనే ఇంట్లో ఉన్నాడు. వెయ్యి నిండుతుంది, ఉపాధి భేషని తేలుతుంది. పని దొరక్క ఊరు వదిలినవాడిని వదిలేసి, పని ఉన్నవాడిని అడిగి, ఊళ్లో పని ఉందంటారా? సిగ్గు లేదా? ఆ తాళమే జవాబు! దాన్ని ఎక్కించే గడి లేకపోతే ఆ ట్యాబును మా ఋషికుల్య నదిలో పారేయండి. ఎన్ని తాళాలు చూశారో ముందు చెప్పండి, మా సంతృప్తి సంగతి తరువాత.