గాలి చూసి గోల్ఫ్ కోర్సు ఎంచుకోండి

సెలవుల్లో సముద్రం బాగా కనిపించే గోల్ఫ్ కోర్సులకే వెళ్లమని మీ వ్యాసంలో రాశారు. దయచేసి గాలి సంగతి కూడా రాయండి. మాది అనంతపురం, గాలి మాకు కొత్త కాదు. అయినా విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో మధ్యాహ్నం ఆడితే, బాగా కొట్టిన బంతులు కూడా పక్కకు పోతుంటే బాధేసింది. ఎండకు నేల వేడెక్కాక గాలి సముద్రం నుంచి ఒడ్డుకు వీస్తుంది, అందుకే పొద్దున్నే స్లాట్ అడగండి. అమెరికాలో సముద్రం పక్కనున్న పెబుల్ బీచ్ గోల్ఫ్ కోర్సులో ఏడో హోల్‌కు బంతి వెళ్లాల్సిన దూరం దాదాపు 106 గజాలే, అయినా గాలి లేస్తే పెద్ద ఆటగాళ్లకూ టెన్షనే! స్కాట్లాండ్ వెళ్లేవాళ్లకు ఇంకో మాట: సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో మామూలుగా ఆదివారం ఆట ఉండదు, ఆ రోజు జనం నడకకు వస్తారు. ఈసారి నాన్నను కూడా విశాఖ తీసుకెళ్తున్నాను, వరుసగా రెండు రోజులు 18 హోల్స్ పూర్తి ఆట మాత్రం పెట్టుకోను.