చేసాడా, చేశాడా?

‘చేసాడు’ అని రాయాలా, ‘చేశాడు’ అని రాయాలా అన్న తగవు ప్రూఫులు దిద్దేవారి మధ్య ఇంకా తెగలేదు. ‘చేసి’లో ఉన్నది సకారమే కాబట్టి ‘చేసాడు’ సరైనదనే వాదం పైకి బలంగా కనిపిస్తుంది. అయితే ‘చేసినాడు’ కుదించుకుపోయినప్పుడు నడుమనున్న ఇకారం ఊరికే పోలేదు. పోతూ పోతూ తన తాలవ్య గుణాన్ని, అంటే నాలుకను అంగిలి వైపు లేపి పలికే తీరును, పక్కనున్న సకారానికి అంటించి పోయింది. చెవికి వినిపించేది ఆ శకారమే కనుక నా మటుకు నేను ‘చేశాడు’ అనే రాస్తాను.

చిత్రమేమిటంటే, అచ్చతెలుగు క్రియలో పుట్టిన ఈ శకారానికి మన వ్యాకరణం చోటివ్వలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో లెక్కించిన 36 తెలుగు వర్ణాలలో ఉన్నది ‘స’ ఒక్కటే. శ, షలు సంస్కృత పదాల వెంట వచ్చినవి. ఆశ ఆస అయింది, భాష బాస అయింది, దిశ దెస అయింది, శ్రీ సిరి అయింది. దీన్ని పల్లెనోటి తప్పుగా చూసేవారు కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలను తలచుకోవాలి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అక్కడ బ్రాహ్మీ లిపిలో చెక్కిన అశోకుని బిరుదు ‘పియదసి’. అదే బిరుదు నేటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో, ఖరోష్ఠీ లిపిలో, ‘ప్రియద్రశి’ అయింది. వాయవ్య ప్రాకృతంలో శ, ష, స అనే మూడు ఊష్మాలూ నిలిచి ఉన్నాయి కనుక అక్కడి శాసనాలలో మూడూ కనిపిస్తాయి.

రాతలో మూడింటినీ ఉంచుకొని నోట ఒక్కటే పలికేవారూ ఉన్నారు. బెంగాలీలో కొన్ని సంయుక్తాక్షరాలలో తప్ప శ, ష, స మూడూ దాదాపు ‘శ’గానే వినిపిస్తాయి. అస్సామీలో అవి చాలాచోట్ల గొంతు దగ్గర ఒరుసుకొని వచ్చే ధ్వనిగా మారాయి. అస్సామీలు తమ రాష్ట్రం పేరు పలికితే మనకు ‘ఒఖొమ్’ అన్నట్టు వినబడుతుంది. తమిళానిది ఇందుకు ఎదురుదారి: ‘పచ్చై’లోని చకారానికీ, ఆకలి అనే అర్థమున్న ‘పసి’లోని సకారానికీ అక్షరం ఒక్కటే. ఉర్దూ రాసేవారికైతే స ధ్వనికి సే, సీన్, స్వాద్ అని మూడక్షరాలున్నాయి. అరబ్బీలో వేటికవే వేరైన ఆ ధ్వనులు ఉర్దూ నోట ఒకటైపోయాయి కాబట్టి, ఏ మాటకు ఏ అక్షరమో పిల్లలు కంఠస్థం చేయవలసిందే.

మన కష్టమూ కొంత అలాంటిదే. శ, షల తేడాను నోట నిలుపుకొన్నవారు మనలో తక్కువ. ఇంగ్లీషు నుంచి వచ్చిన ‘షాపు’ ధ్వని మూర్ధన్యం (అసలు ‘ష’లాగా నాలుక మడిచి పలికేది) కాకపోయినా ‘శాపు’ అని ఎవరూ రాయరు. పారసీలో ఒకే అక్షరంతో మొదలయ్యే రెండు మాటలు మన దగ్గరికి వచ్చేసరికి ఒకటి ‘శాలువా’ అయింది, మరొకటి ‘షికారు’ అయింది.