బ్యాట్‌మాన్‌కు బట్టా? బండా?

షోకేసులో పెట్టుకునే బ్యాట్‌మాన్ విగ్రహం భుజాల మీంచి వేలాడే కేప్‌ను గుడ్డతో కుట్టాలా, రెసిన్ అనే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవంతో పోత పోయాలా అన్న విషయంలో ప్రభుత్వాలు ఇంతవరకు తమ వైఖరి ప్రకటించలేదు. కేంద్రం సంగతి సరే, దానికి సవాలక్ష పనులుంటాయి. సభ పెడితే చాలు చేనేత గురించి ఒక పేరా, శిల్పకళ గురించి ఒక పేరా చదివే మన రెండు తెలుగు రాష్ట్రాలు కూడా నోరు మెదపకపోవడం విచారకరం. ఇలాగే ఉపేక్షిస్తే రేపు సూపర్‌మాన్ ఎర్ర కేప్ మీద కూడా ఇదే అనిశ్చితి నెలకొంటుంది.

విషయం తెలియనివాళ్లు "బొమ్మకు ఏ బట్టలైతేనేం" అనొచ్చు. ముందుగా ఒక సవరణ. అది బొమ్మ కాదు, స్టాచ్యూ. బొమ్మతో పిల్లలు ఆడుకుంటారు. స్టాచ్యూను పిల్లలు ముట్టుకుంటే ఇంట్లో పెద్ద గొడవ అవుతుంది. ఈ తేడా తెలియని బంధువులను మా బావమరిది పెళ్లిళ్లలో కూడా పలకరించడం మానేశాడు.

ఆరడుగుల మనిషిని నాలుగో వంతుకు కుదిస్తే అడుగున్నర. ఆ అడుగున్నర మనిషిని పాలీస్టోన్‌తో పోత పోస్తారు. పాలీయురేథేన్ రెసిన్‌లో రాతి పొడి కలిపితే వచ్చేదే పాలీస్టోన్. మోయబోతే బరువు, జారితే ముక్కలు. హాంకాంగ్‌కు చెందిన హాట్ టాయ్స్ చేసే ఆరో వంతు సైజు మనుషులకు కీళ్లుంటాయి, చేతులు కాళ్లు వంగుతాయి. అందుకని వాళ్లకు నిజం బట్టలు కుట్టక తప్పదు. స్టాచ్యూకు కీళ్లు లేవు. బట్టలు కుట్టినా ఒకటే, పోత పోసినా ఒకటే. ఏది చేసినా పరవాలేని చోటే మనుషులు ప్రాణాలకు తెగించి పోట్లాడుకుంటారు. కాలిఫోర్నియాలోని సైడ్‌షో కంపెనీ ప్రీమియం ఫార్మాట్ పేరుతో నాలుగో వంతు స్టాచ్యూలకు నిజం బట్టలు తొడిగి కలెక్టర్లకు (జిల్లాలవాళ్లు కాదు, వీటిని కొని దాచుకునేవాళ్లు) అలవాటు చేసింది. ఆ వరుసలోనే ఒంటి మీది దుస్తులన్నీ పోతలో వచ్చిన స్టాచ్యూలూ దిగాయి. దాంతో కలెక్టర్ల సమాజం గుడ్డ పక్షం, పోత పక్షం అని రెండుగా చీలింది. మధ్యేమార్గం వాళ్లను ఇద్దరూ నమ్మరు.

రెండు పక్షాల వాదనా ఒక్కటే, మాదే నిజంలా ఉంటుందని. చిక్కు అక్కడే ఉంది. నిజం గుడ్డ స్టాచ్యూ మీదికి ఎక్కగానే అబద్ధంలా కనపడుతుంది. అబద్ధపు గుడ్డ, అంటే రెసిన్ మడత, నిజంలా కనపడుతుంది. ఎందుకంటే మనిషిని నాలుగో వంతుకు కుదించొచ్చు గానీ నూలు పోగును కుదించలేం. మామూలు చొక్కాకు అంగుళానికి 10 నుంచి 12 కుట్లు పడతాయి. అడుగున్నర వీరుడికి అదే చొక్కా లెక్క ప్రకారం కుట్టాలంటే అంగుళానికి 48 వరకు పడాలి. అన్ని ఎవరు వేస్తారు? మామూలు కుట్టే వేస్తారు. అప్పుడు నగరం మొత్తాన్ని వణికించే విలన్ కాలర్ మీద ఒక్కో కుట్టూ పరుపు కుట్టంత లావుగా తేలుతుంది.

మడతల సంగతి ఇంకా ఘోరం. గుడ్డ బరువూ బిరుసూ మారవు గనుక మడత సైజూ మారదు. మన లుంగీకి ఎంత మడత పడుతుందో ఆ చిన్నవాడికీ అంతే పడుతుంది. మోచేతి దగ్గర అరడజను ముడతలు రావాల్సిన చోట ఒక్కటే వస్తుంది, అదీ బొద్దుగా. కేప్ అయితే వేలాడదు, అట్టముక్కలా నిక్కుతుంది. భూమ్యాకర్షణ శక్తి స్కేలు పాటించదు. న్యూటన్ కలెక్టర్ కాకపోవడం వల్ల వచ్చిన నష్టం ఇది.

దీనికి విరుగుడుగా కేప్ అంచులో సన్నటి తీగ పెట్టి కుడతారు. కావలసినట్టు వంచుకుని, గాలికి ఎగురుతున్నట్టు సర్దుకోవచ్చు. ఈ సర్దుబాటు నేను దగ్గరుండి చూశాను. మా బావమరిది ముందు తీగను రెండు వేళ్లతో పట్టి ఎడమవైపు ఒక అల తీశాడు. వెనక్కి జరిగి, మెడ వంచి చూశాడు. అల ఎక్కువైంది. తగ్గించాడు. ఈసారి కుడివైపు చప్పగా పోయింది. స్టీమ్ ఐరన్ తెచ్చి, గుడ్డకు తగలకుండా జానెడు దూరం నుంచి ఆవిరి పట్టి, దువ్వెన మొనతో మడతలను ఒక్కొక్కటే లోపలికి నొక్కాడు. వాళ్లమ్మ, అంటే మా అత్తగారు, గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూశారు.

"ఒరేయ్, నీ పెళ్లికి పంచె కూడా పంతులుగారే కట్టారు. వీడికి మాత్రం పొద్దుటి నుంచి కడుతున్నావు."

"వీడు కాదమ్మా, స్టాచ్యూ" అన్నాడు మావాడు తల తిప్పకుండా. తర్వాత నా వైపు చూసి, "బావా, నువ్వు చెప్పు. ఇప్పుడు గాలి ఎటు నుంచి వీస్తున్నట్టుంది?" అన్నాడు.

"కిటికీ వైపు నుంచి" అన్నాను.

"ఇక్కడ కాదు, గోథమ్‌లో."

బ్యాట్‌మాన్ కథల్లోని గోథమ్ నగరంలో గాలి ఎటు వీస్తుందో బేగంపేట వాతావరణ కేంద్రం కూడా చెప్పదు కాబట్టి ఊరుకున్నాను.

పోత పక్షానికి ఈ టెన్షన్ లేదు. శిల్పి ఒక్కసారి ఖాయం చేసిన గాలే శాశ్వతం. వాళ్ల ప్రధాన సాక్షి మన హైదరాబాద్‌లోనే, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ముసుగు రెబెకా. 1876లో మొదటి సాలార్‌జంగ్ కొన్నది. ముఖం పాలరాయి, ముఖం మీది పల్చటి మేలిముసుగూ పాలరాయే. జనం మెడలు చాచి, ముసుగు కింద ముఖం ఎలా చెక్కాడబ్బా అని ఒకరినొకరు అడుగుతుంటారు. ముసుగు కింద ఏమీ లేదు. ముక్కు, పెదవులు, ముసుగు అన్నీ ఒకే రాయి మీది ఎత్తుపల్లాలు. దగ్గర్లో గుడ్డన్నది లేకపోయినా అందరికీ గుడ్డే కనపడుతుంది. ఇన్నేళ్లలో ఆ ముసుగు చివకలేదు, ఎవరూ ఇస్త్రీ చేయాల్సిన పనీ పడలేదు.

గుడ్డ పక్షం వెంటనే పారిస్ నుంచి తమ సాక్షిని పిలుస్తుంది. 1881లో డెగా అనే చిత్రకారుడు పద్నాలుగేళ్ల నాట్యకత్తె విగ్రహాన్ని మైనంతో చేసి, దానికి నిజం గౌను, నిజం రిబ్బను పెట్టి ప్రదర్శించాడు. విమర్శకులు మండిపడ్డారు. దీని చోటు జంతుశాస్త్ర మ్యూజియం అన్నంత పని చేశారు. డెగా బతికున్నంత కాలం దాన్ని మళ్లీ జనం ముందు పెట్టలేదు. 1917లో ఆయన పోయాక దాన్ని కంచులో పోత పోశారు. అప్పుడు కూడా గౌనును పోత పోయడానికి ఎవరికీ మనసొప్పలేదు. కంచు పిల్లకు గుడ్డ గౌనే తొడిగారు. ఇప్పుడు ఆ కంచు పిల్లలు దేశదేశాల మ్యూజియంలలో ఉన్నారు. అందరి ముఖం ఒకటే, గౌన్లు మాత్రం ఎవరివి వాళ్లవే. కంచుకు ఏమీ కాలేదు. గౌను పాతబడితే మార్చాల్సి వచ్చింది. ఈ సాక్షి ఎవరి తరఫున వచ్చిందో క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేలదు.

నన్నడిగితే గుడ్డ పక్షం ఓడేది పారిస్‌లో కాదు, మన ఉక్కపోతలో. ముఖ్యంగా తోలు జాకెట్ల విషయంలో. అసలు తోలు ఆ సైజుకు మందం ఎక్కువ, కాబట్టి గుడ్డ మీద పాలీయురేథేన్ పూత వేసిన నకిలీ తోలు వాడతారు. గాలిలోని తేమకు ఆ పూత నెమ్మదిగా విచ్చిపోతుంది. ముందు జిగురు తేలుతుంది, తర్వాత పొట్టు రాలుతుంది. ఆఫీసులో పాత కుర్చీ చేతులు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ కుర్చీ మీద కనీసం మనిషి కూర్చున్నాడు. ఈ జాకెట్ వేసుకుని ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. పెట్టెలో పెట్టి, తాళం వేసి, వారసులకు ఇద్దామని దాచినా రాలుతుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉన్నవాళ్లయితే వారసుల దాకా ఆగనక్కర్లేదు. ఇక ఎండ పడితే సూపర్‌మాన్ కేప్ వెలిసిపోతుంది, దుమ్ము పడితే నేతలో ఇరుక్కుంటుంది. ఉతుకుదామంటే వాడి భుజాలకు అతికించి ఉంటుంది.

పోతలోనూ సుఖం లేదు. రెసిన్ కేప్ కొస సముద్రాలు దాటి వచ్చేసరికి పెట్టెలో విడిగా పడుకుని ఉండొచ్చు. అప్పుడు అతికించాలి, అతుకు మీద రంగు వేయాలి, వేశాక ఇంటికొచ్చిన ప్రతివాడినీ రెండో వైపు నుంచే చూపించాలి.

నిజానికి ఈ తగాదాను మనవాళ్లు ఎప్పుడో తీర్చేశారు. గుళ్లో విగ్రహానికి శిల్పి రాతిలోనే కుచ్చిళ్లు చెక్కుతాడు, అర్చకుడు పైన పట్టు వస్త్రం కడతాడు. ఒకరి పని ఒకరు తప్పు పట్టరు. కూడళ్లలో నాయకుల విగ్రహాలదీ అదే పద్ధతి. కోటు, పంచె, కళ్లజోడు పోతలోనే వచ్చేస్తాయి. కండువా మాత్రం గుడ్డది. ఇందులో ఎంతో ముందుచూపుంది. చొక్కా మారకపోయినా జరుగుతుంది, కండువా మార్చుకునే వీలు లేకపోతే రాజకీయం ఎలా నడుస్తుంది? ఇక ఎన్నికల కోడ్ రాగానే విగ్రహం మొత్తానికి నిలువునా గుడ్డ చుట్టేస్తారు. లోపల కోటు మడతలు ఎంత అందంగా వచ్చినా ఓటింగ్ అయ్యేదాకా ఎవరికీ కనపడవు. 2012లో ఉత్తరప్రదేశ్‌లో ఎన్నికల సంఘం మాయావతి విగ్రహాలతో పాటు ఆమె పార్టీ గుర్తైన రాతి ఏనుగులను కూడా కప్పేయమంది. ఏనుగులకు పోత దుస్తులు కూడా లేవు. కప్పుడు పక్షం అంత పెద్ద మెజారిటీతో ఇంకెక్కడా గెలవలేదు.

కమిషన్ వేసే ఉద్దేశం ప్రభుత్వానికి లేనట్టుంది కాబట్టి తీర్పు నేనే ఇచ్చేస్తాను. ఒంటికి అతుక్కునేవన్నీ పోత. వేలాడేవి గుడ్డ, అదీ తీగ ఉంటేనే. తోలు పేరు చెప్పుకుని వచ్చేది ఏదైనా పోతలోనే రావాలి, అప్పీలు లేదు. గుడ్డ కోసం విదేశాల వైపు చూడనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, 100 కౌంటు సన్నటి నూలు వడికే చేతులున్నాయి. నాలుగో వంతు మనిషికి కాస్తో కూస్తో సరితూగే పోగు ఎక్కడైనా ఉంటే అక్కడే ఉంటుంది. నల్లరంగు అద్ది బ్యాట్‌మాన్‌కు పొందూరు ఖద్దరు కేప్ కుట్టించాలని నా డిమాండ్. ఖద్దరు వేసుకున్నవాడు అర్ధరాత్రి వచ్చి నగరాన్ని కాపాడతానంటే గోథమ్ జనం నమ్ముతారా అన్నది మాత్రం ఆలోచించాల్సిన విషయమే.

ఈలోగా కంపెనీలు కొన్ని తమ తెలివి చూపించి, గుడ్డ కేప్ ఒకటి, పోత కేప్ ఒకటి, రెండూ ఒకే పెట్టెలో పెట్టి అమ్మడం మొదలుపెట్టాయి. పెట్టె పెరిగింది, రేటు పెరిగింది, తగాదా ఇంట్లోకి వచ్చింది. మా బావమరిది అలాంటిదే తెప్పించాడు. ఎంతో మథనపడి పోత కేప్ తగిలించాడు. గుడ్డ కేప్ మిగిలిపోయింది. వీధిలో రోడ్డు పనుల దుమ్ము ఇంట్లోకి వస్తోందని ఆ గుడ్డ కేప్‌నే బ్యాట్‌మాన్ తల మీదుగా కిందిదాకా కప్పి ఉంచాడు. మొన్న మా అత్తగారు హాల్లోకి వచ్చి దాన్ని ఎగాదిగా చూసి, "ఏంట్రా, మళ్లీ ఎలక్షన్లా?" అన్నారు.